పాత మ్యాక్‌కు ఏ లైనక్స్ సరిపోతుంది: మోడల్‌ను బట్టి ఎంపిక, ఇబ్బందులను బట్టి పరిష్కారం

పాత మ్యాక్‌లో లైనక్స్ పెట్టాలనుకునేవారు సాధారణంగా ముందు అడిగే ప్రశ్న, ఏ డిస్ట్రో (డెబియన్, ఉబుంటు వంటి లైనక్స్ రూపం) మంచిది అని. ఆ ప్రశ్నకు జవాబు చెప్పే ముందు తేల్చుకోవలసిన సంగతులు మూడు ఉన్నాయి. ఆ యంత్రంలోని ఈఎఫ్ఐ ఫర్మ్‌వేర్ (యంత్రం ఆన్ కాగానే నడిచి, వ్యవస్థను మొదలుపెట్టే లోపలి ప్రోగ్రామ్) 32 బిట్‌దా 64 బిట్‌దా, గ్రాఫిక్స్ చిప్ ఏది, వైఫై చిప్ ఏది అన్నవే ఆ మూడు. పాత మ్యాక్‌లలో ఎదురయ్యే ఇబ్బందుల్లో అత్యధిక భాగం, అంటే పెన్‌డ్రైవ్ కనిపించకపోవడం, తెర నల్లబడిపోవడం, నెట్‌వర్క్ దొరకకపోవడం, ఈ మూడింటిలో ఏదో ఒకదాని నుంచే పుడతాయి. ఇవి తెలిస్తే డిస్ట్రో ఎంపిక దాదాపు దానంతట అదే తేలిపోతుంది. ఇవి తెలియకుండా పేరున్న డిస్ట్రో కదా అని ఎంచుకుంటే, ఒకదాని తరువాత ఒకటి మార్చి చూడడమే మిగులుతుంది.

మోడల్ తెలుసుకోవడానికి మ్యాక్ఓఎస్ ఇంకా పనిచేస్తుంటే సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో మోడల్ ఐడెంటిఫైయర్ చూడాలి. అది ‘మ్యాక్‌బుక్2,1’, ‘మ్యాక్‌బుక్‌ప్రో8,2’ వంటి రూపంలో ఉంటుంది. పెట్టె మీద రాసిన సంవత్సరం కంటే, తెర కొలత కంటే ఇది నమ్మదగినది, ఎందుకంటే ఒకే సంవత్సరంలో ఒకే పేరుతో వచ్చిన రెండు యంత్రాల లోపలి భాగాలు పూర్తిగా వేరుగా ఉండవచ్చు. మ్యాక్ఓఎస్ లేకపోతే ఇన్‌స్టాల్ చేయకుండానే నడిచే ఏదైనా లైనక్స్ లైవ్ పెన్‌డ్రైవ్‌తో బూట్ చేసి, ‘ఎల్ఎస్‌పీసీఐ’ ఆదేశంతో గ్రాఫిక్స్, వైఫై చిప్‌ల పేర్లను వాటి అంకెలతో సహా రాసిపెట్టుకోవాలి. ఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ అయిన లైవ్ వ్యవస్థలో ‘సిస్’ ఫోల్డర్ కింద ‘ఫర్మ్‌వేర్’, దాని కింద ‘ఈఎఫ్ఐ’ ఫోల్డర్ ఉంటుంది. అందులోని ‘ఎఫ్‌డబ్ల్యూ_ప్లాట్‌ఫామ్_సైజ్’ అనే ఫైలు తెరిస్తే 32 లేదా 64 అని స్పష్టంగా కనిపిస్తుంది. ఆ ఈఎఫ్ఐ ఫోల్డరే లేకపోతే యంత్రం బయోస్ (ఈఎఫ్ఐకి ముందు పీసీలలో ఉన్న పాత ఫర్మ్‌వేర్) అనుకరణ పద్ధతిలో బూట్ అయిందని అర్థం. ఈ తేడా ఎంత ముఖ్యమో ముందు ముందు తెలుస్తుంది.

తరాల వారీగా చూస్తే

పవర్‌పీసీ మ్యాక్‌ల గురించి క్లుప్తంగా చెప్పవచ్చు. జీ3, జీ4, జీ5 ప్రాసెసర్ల యంత్రాలకు డెబియన్ 8 తరువాత 32 బిట్ పవర్‌పీసీకి అధికారిక స్థిర విడుదల లేదు. ఉబుంటు కూడా 16.04 తరువాత దీర్ఘకాలిక మద్దతు గల విడుదలను ఈ ప్రాసెసర్లకు ఇవ్వలేదు. డెబియన్ పోర్ట్స్‌లో అస్థిర శాఖ, జెంటూ, అడేలీ లైనక్స్ మాత్రమే నేటికీ ఆలోచించదగినవి. జీ5లో ‘విండ్‌ఫార్మ్’ మాడ్యూళ్లు (లైనక్స్ మూలభాగమైన కెర్నల్‌కు జతయ్యే డ్రైవర్ భాగాలు) లోడ్ కాకపోతే ఫ్యాన్లు పూర్తి వేగంతో తిరుగుతాయి కాబట్టి, ఇన్‌స్టాల్ అయిన వెంటనే చూడవలసినది అదే. ఈ యంత్రాలను నేర్చుకోవడానికీ, పాత సాఫ్ట్‌వేర్‌ను భద్రపరచడానికీ ఎంచుకోవచ్చు గాని, రోజువారీ వెబ్ పనికి ఎంచుకోవద్దని నా సలహా.

ఇంటెల్ ప్రాసెసర్లతో తొలి మ్యాక్‌లు 2006 జనవరిలో వచ్చాయి. వాటిలోని కోర్ డ్యువో ప్రాసెసర్ 32 బిట్‌ది. ఈ చిన్న వర్గానికి దారులు ఏటేటా మూసుకుపోతున్నాయి. ఆర్చ్ 2017లో, ఫెడోరా 2019లో, లైనక్స్ మింట్ ప్రధాన విడుదల 2020లో 32 బిట్‌ను వదిలేశాయి. డెబియన్ కూడా 2025 ఆగస్టులో వచ్చిన 13వ విడుదలలో 32 బిట్ పీసీల ఇన్‌స్టాలర్‌ను ఆపేసింది. కోర్ డ్యువో మ్యాక్ ఉన్నవారికి ఇప్పుడు రెండు దారులు ఉన్నాయి: డెబియన్ 12ను, లేదా దాని మీద నిర్మించిన ఎమ్ఎక్స్ లైనక్స్, యాంటిఎక్స్‌ల 32 బిట్ రూపాలను వాటికి మద్దతు ఉన్నంతకాలం వాడుకోవడం ఒకటి, వాయిడ్ లైనక్స్ వంటి, ఇప్పటికీ 32 బిట్‌ను నిలబెడుతున్న డిస్ట్రోకు మారడం రెండవది. మొదటిది తేలిక, రెండవది దీర్ఘకాలికం. ఈ తొలి యంత్రాల్లో చాలావాటికి 2 జీబీ ర్యామ్ మించి పెట్టడానికి వీలులేదని కూడా గుర్తుంచుకోవాలి.

అసలు చిక్కంతా దీని తరువాతి వర్గంలో ఉంది. 2006 చివరి నుంచి వచ్చిన తొలి కోర్ 2 డ్యువో మ్యాక్‌లలో ప్రాసెసర్ 64 బిట్‌ది అయినా, ఫర్మ్‌వేర్ మాత్రం 32 బిట్ ఈఎఫ్ఐ. మ్యాక్‌బుక్2,1 ఇందుకు ఉదాహరణ; జియాన్ ప్రాసెసర్లు ఉన్న మొదటి రెండు తరాల మ్యాక్ ప్రోలదీ ఇదే పరిస్థితి. 64 బిట్ లైనక్స్ పెన్‌డ్రైవ్‌లో బూట్‌లోడర్ (లైనక్స్‌ను మొదలుపెట్టే చిన్న ప్రోగ్రామ్) కూడా 64 బిట్‌దే ఉంటే, ఈ యంత్రం దాన్ని గుర్తించనైనా గుర్తించదు. యంత్రం మొదలయ్యేటప్పుడు ఆప్షన్ మీట నొక్కి పట్టుకున్నా ఆ పెన్‌డ్రైవ్ బూట్ జాబితాలోకి రాదు. దాన్ని చూసి పెన్‌డ్రైవ్ చెడిపోయిందనో, ఐఎస్ఓ (ఇన్‌స్టాల్ డిస్క్ ప్రతి ఉన్న ఫైలు) సరిగా రాయలేదనో అనుకోవడం సహజం, కాని కారణం అది కాదు. 64 బిట్ కెర్నల్‌ను 32 బిట్ ఈఎఫ్ఐ నుంచి నడిపించే మిశ్రమ పద్ధతి లైనక్స్‌లో ఉంది, డెబియన్ తన 8వ విడుదల నుంచి దీనికి మద్దతునిస్తోంది. ఉబుంటు, మింట్ ఐఎస్ఓలలో 32 బిట్ ఈఎఫ్ఐ బూట్‌లోడర్ ఉండదు. దాన్ని బయటి నుంచి తెచ్చి కలపవచ్చు గాని, ఇన్‌స్టాల్ పూర్తయ్యాక కూడా లైనక్స్ బూట్‌లోడర్ అయిన గ్రబ్ 32 బిట్ రూపాన్ని చేతితో పెట్టవలసి వస్తుంది. అందువల్ల ఈ వర్గానికి నేను సందేహం లేకుండా డెబియన్‌నే సూచిస్తాను.

ఇదే వర్గంలో డీవీడీతో బూట్ చేసేటప్పుడు ఇంకో అవరోధం ఎదురవుతుంది. తెర మీద సీడీ బూట్ రకాన్ని ఎంచుకోమని 1, 2 అంకెలతో ఒక ప్రశ్న వచ్చి, కీబోర్డు మీద ఏది నొక్కినా స్పందన లేకుండా నిలిచిపోతుంది. డిస్క్‌లో బయోస్, ఈఎఫ్ఐ అనే రెండు బూట్ నమోదులు ఉండడం ఈ ఫర్మ్‌వేర్‌కు మింగుడు పడకపోవడమే ఇందుకు కారణం. డెబియన్ ఇందుకోసమే ఈఎఫ్ఐ నమోదును తీసేసిన ‘మ్యాక్’ అనే ప్రత్యేక నెట్‌ఇన్‌స్ట్ (మిగతా ప్యాకేజీలను నెట్ నుంచి తెచ్చుకునే) ఐఎస్ఓను కొన్ని విడుదలల్లో అందించింది. ఆ డిస్క్‌తో బూట్ చేస్తే యంత్రం బయోస్ అనుకరణలోకి వెళ్తుంది, అక్కడి నుంచి ఇన్‌స్టాల్ సాఫీగా సాగుతుంది.

2008 చివరి నుంచి 2012 వరకు వచ్చిన మ్యాక్‌బుక్‌లు, మ్యాక్ మినీలు, రెటినా తెర లేని మ్యాక్‌బుక్ ప్రోలు చాలామంది చేతుల్లో ఉన్నవి. ఫర్మ్‌వేర్ 64 బిట్‌ది, ర్యామ్ పెంచుకోవచ్చు, 2.5 అంగుళాల సాటా డ్రైవ్ తీసి ఎస్ఎస్‌డీ పెట్టుకోవచ్చు. వీటికి దాదాపు ఏ డిస్ట్రో అయినా బూట్ అవుతుంది. ఎంపికను నిర్ణయించేది ఎన్‌విడియా గ్రాఫిక్స్, బ్రాడ్‌కామ్ వైఫై. ఇక 2012 నుంచి 2015 వరకు వచ్చిన ఎయిర్‌లు, రెటినా ప్రోలలో, ముఖ్యంగా ఇంటెల్ గ్రాఫిక్స్ మాత్రమే ఉన్న 13 అంగుళాల యంత్రాలలో, లైనక్స్ అన్నింటికన్నా హాయిగా నడుస్తుంది. కొత్తగా పాత మ్యాక్ కొని లైనక్స్ పెట్టాలనుకునేవారు వీటినే చూడాలి. అయితే వీటిలో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది కాబట్టి, 4 జీబీ ఉన్నది కాకుండా 8 జీబీ లేదా 16 జీబీ ఉన్నదే తీసుకోవాలి.

2016 తరువాతి ఇంటెల్ యంత్రాలు వయసులో చిన్నవైనా లైనక్స్‌కు కష్టమైనవి. టీ2 చిప్ లేని 2016, 2017 ప్రోలలో కీబోర్డు, ట్రాక్‌ప్యాడ్ యూఎస్‌బీ కాకుండా ఎస్‌పీఐ మార్గంలో కలిసి ఉంటాయి. వాటి డ్రైవర్ కెర్నల్ 5.3లో గాని చేరలేదు. 2018 నుంచి చాలావాటిలో వచ్చిన టీ2 భద్రతా చిప్‌కు ‘టీ2 లైనక్స్’ వారి ప్రత్యేక కెర్నల్ కావాలి, సెక్యూర్ బూట్‌ను ముందుగా మ్యాక్ఓఎస్ రికవరీ నుంచి తీసేయాలి. కొత్తది కదా అని 2018 యంత్రాన్ని ఎంచుకునేవారికి 2015 యంత్రంతో వచ్చే సుఖం దొరకదు.

డిస్ట్రోల మధ్య తేడా

64 బిట్ ఈఎఫ్ఐ ఉన్న మ్యాక్‌కు, లైనక్స్‌తో పెద్ద పరిచయం లేని వ్యక్తికి, నా మొదటి ఎంపిక లైనక్స్ మింట్. ఇందుకు ముఖ్య కారణం దాని అందం కాదు, డ్రైవర్ మేనేజర్. బ్రాడ్‌కామ్ వైఫై డ్రైవర్‌ను ఇంటర్నెట్ లేకుండానే ఇన్‌స్టాల్ పెన్‌డ్రైవ్ నుంచి తీసుకొని పెట్టగలగడం, ఈథర్‌నెట్ పోర్టు లేని మ్యాక్‌బుక్ ఎయిర్ వంటి యంత్రాల విషయంలో నిజంగా విలువైన సౌకర్యం. మింట్ 22 విడుదలకు ఆధారం ఉబుంటు 24.04 కాబట్టి 2029 వరకు భద్రతా అప్‌డేట్లు అందుతాయి. కోర్ 2 డ్యువో యంత్రాలకు తేలికైన ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్ రూపాన్ని, 2012 తరువాతి యంత్రాలకు సిన్నమన్ రూపాన్ని తీసుకోవచ్చు.

ఉబుంటు అసలు రూపానికి, మింట్‌కు హార్డ్‌వేర్ మద్దతులో తేడా తక్కువే గాని, గ్నోమ్ డెస్క్‌టాప్ గ్రాఫిక్స్ చిప్ మీద మోపే భారం ఎక్కువ. 2006 నుంచి 2007 మధ్య వరకు వచ్చిన మ్యాక్‌బుక్‌లలోని జీఎంఏ 950 గ్రాఫిక్స్ మీద గ్నోమ్‌ను నడపాలని ప్రయత్నించడం వృథా. డెబియన్ విషయానికి వస్తే, 12వ విడుదల నుంచి స్వేచ్ఛా లైసెన్సు లేని ఫర్మ్‌వేర్ ఫైళ్లు అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే వస్తున్నాయి. రేడియాన్ గ్రాఫిక్స్ ఉన్న ఐమ్యాక్‌లలో తెర నల్లబడే ఇబ్బంది దీనివల్ల చాలా తగ్గింది. కాని బ్రాడ్‌కామ్ పాత చిప్‌ల ఫర్మ్‌వేర్‌ను పంచడానికి అనుమతి లేదు కాబట్టి అది అందులో ఉండదు. డెబియన్ ఎంచుకునేవారు ఇన్‌స్టాల్ సమయంలో వైర్ ద్వారా నెట్ ఉండేలా చూసుకోవాలి.

ఎప్పటికప్పుడు కొత్త కెర్నల్ ఇచ్చే ఆర్చ్, ఫెడోరాలను పాత మ్యాక్‌లకు నేను ముందు వరుసలో పెట్టను. ఈ యంత్రాలకు కొత్త కెర్నల్ వల్ల వచ్చే లాభం తక్కువ, బయటి డ్రైవర్ల మీద ఆధారపడేవారికి వచ్చే నష్టం ఎక్కువ. బ్రాడ్‌కామ్ ‘డబ్ల్యూఎల్’ డ్రైవర్ మూలాన్ని ఆ సంస్థ 2015 తరువాత కొత్తగా విడుదల చేయలేదు. ఆ తరువాతి ప్రతి కెర్నల్ మార్పుకూ డిస్ట్రోల నిర్వాహకులే ప్యాచ్‌లు రాస్తున్నారు. కెర్నల్ ముందుకు వెళ్లి ప్యాచ్ వెనుకబడిన రోజున వైఫై పోతుంది. ఇంటెల్ గ్రాఫిక్స్, ఎథెరాస్ వైఫై ఉన్న యంత్రమైతే ఈ అభ్యంతరం వర్తించదు.

రెడ్‌హ్యాట్ కుటుంబం గురించి ఒక హెచ్చరిక తప్పనిసరి. రెడ్‌హ్యాట్ ఎంటర్‌ప్రైజ్ లైనక్స్ 9, దానితో సమానమైన ఆల్మా 9, రాకీ 9 ‘ఎక్స్86-64-వీ2’ స్థాయి ప్రాసెసర్‌ను కోరుతాయి, అంటే ఎస్ఎస్ఈ 4.2 సూచనలు ఉండాలి. కోర్ 2 డ్యువోలలో, వాటి చివరి తరంలో సైతం, 4.1 వరకే ఉంది. ఆ యంత్రాల్లో ఇవి మొదలు కావు. ఎంత ప్రయత్నించినా ప్రయోజనం ఉండదు. ఆఫీసులో రాకీ వాడుతున్నాం కదా అని ఇంట్లోని 2009 మ్యాక్‌బుక్‌లోనూ అదే పెట్టాలనుకునేవారు ఈ విషయాన్ని ముందే గమనించాలి.

బూట్ పద్ధతి: ఈఎఫ్ఐనా, బయోస్ అనుకరణా

ఇంటెల్ మ్యాక్‌లలో బూట్‌క్యాంప్ (మ్యాక్‌లో విండోస్ నడిపే ఏర్పాటు) కోసం పెట్టిన బయోస్ అనుకరణ ద్వారా కూడా లైనక్స్‌ను నడపవచ్చు. దీనికి ఒక స్పష్టమైన లాభం ఉంది: వీడియో బయోస్ అందుబాటులో ఉంటుంది కాబట్టి, ఈఎఫ్ఐ పద్ధతిలో నల్ల తెర చూపించే కొన్ని పాత రేడియాన్, ఎన్‌విడియా చిప్‌లు ఇందులో సవ్యంగా పనిచేస్తాయి. నష్టాలు కూడా ఉన్నాయి. పాత మోడళ్లలో డ్రైవ్ కంట్రోలర్ వేగవంతమైన ఏహెచ్‌సీఐ బదులు పాత ఐడీఈ పద్ధతిలోకి జారిపోయి ఎస్ఎస్‌డీ వేగం తగ్గుతుంది. రెండు గ్రాఫిక్స్ చిప్‌లు ఉన్న యంత్రంలో ఎక్కువ విద్యుత్తు తినే చిప్ ఒక్కటే కనిపిస్తుంది. ఈ పద్ధతిలో పెన్‌డ్రైవ్ నుంచి బూట్ చేయడం పాత యంత్రాల్లో సాధ్యం కాదు, డీవీడీ కావలసిందే. కాబట్టి ముందు ఈఎఫ్ఐ ప్రయత్నించాలి. తెర రాకపోతే, కెర్నల్ పంక్తిలో ‘నోమోడ్‌సెట్’ చేర్చి చూడాలి. దానితో తెర వస్తుంది గాని గ్రాఫిక్స్ త్వరణం ఉండదు; సరైన డ్రైవర్ పెట్టి ఆ మాట తీసేశాక కూడా త్వరణం దక్కకపోతేనే బయోస్ దారి పట్టాలి.

ఈఎఫ్ఐ పద్ధతిలో ఉన్నప్పుడు తరువాతి ఎంపిక రీఫైండ్ (ఏ వ్యవస్థను బూట్ చేయాలో ఎంచుకునే మెనూ ప్రోగ్రామ్) పెట్టుకోవాలా, గ్రబ్ ఒక్కటే చాలా అన్నది. మ్యాక్ఓఎస్‌ను కూడా ఉంచుకునేవారికి రీఫైండ్ మేలు. దాని చిత్రాల మెనూ బాగుంటుందన్నది చిన్న కారణం; కొన్ని యంత్రాలలో మ్యాక్ఓఎస్ కాని వ్యవస్థ బూట్ అవుతున్నదని గ్రహించగానే ఫర్మ్‌వేర్ ఇంటెల్ గ్రాఫిక్స్ చిప్‌ను దాచేస్తుంది, మ్యాక్ఓఎస్సే బూట్ అవుతున్నట్టు ఫర్మ్‌వేర్‌కు చెప్పే ఏర్పాటు రీఫైండ్‌లో ఉంది అన్నది పెద్ద కారణం. 15 అంగుళాల రెటినా ప్రోలలో బ్యాటరీ ఎంతసేపు వస్తుందన్నది చాలావరకు ఈ ఒక్క ఏర్పాటు మీదే ఆధారపడి ఉంటుంది. లైనక్స్ ఒక్కటే ఉంచుకునేవారికి గ్రబ్ చాలు. అయితే గ్రబ్‌ను ఈఎఫ్ఐ విభాగంలోని ‘బూట్’ ఫోల్డర్‌లో అందరికీ వర్తించే డిఫాల్ట్ పేరుతో కూడా ఉంచాలి. అప్పుడు ఎన్‌వీర్యామ్ (బూట్ అమరికలను దాచుకునే చిన్న మెమరీ) తుడిచిపెట్టినా ఆప్షన్ మెనూలో డ్రైవ్ కనిపిస్తూనే ఉంటుంది.

పవర్ మీట నొక్కిన తరువాత తెల్లని తెర అర నిమిషం పాటు అలాగే నిలిచి ఆ తరువాత లైనక్స్ మొదలవుతున్నదంటే, అది లైనక్స్ జాప్యం కాదు. ఏ డ్రైవ్ నుంచి మొదలు కావాలో ఫర్మ్‌వేర్‌కు తెలియక వెతుక్కుంటున్నది. మ్యాక్ఓఎస్ నుంచి ‘బ్లెస్’ ఆదేశంతో గాని, లైనక్స్ నుంచి ‘ఈఎఫ్ఐబూట్‌ఎంజీఆర్’ సాధనంతో గాని బూట్ వరుసను స్పష్టంగా నిర్ణయిస్తే ఆ జాప్యం పోతుంది. మెరిసే ఫోల్డర్ మీద ప్రశ్నార్థకం కనిపిస్తే బూట్‌లోడర్ అసలు దొరకలేదని అర్థం. అప్పుడు కమాండ్, ఆప్షన్, పీ, ఆర్ మీటలను కలిపి పట్టుకొని ఎన్‌వీర్యామ్‌ను రీసెట్ చేసి, ఆప్షన్ మెనూ నుంచి మళ్లీ ప్రయత్నించాలి.

వైఫై: ఏ డ్రైవర్, లేక బయటి అడాప్టరా

మ్యాక్‌బుక్ తొలి కోర్ 2 డ్యువో తరాలలో కొన్నింటిలోను, కొన్ని ఐమ్యాక్‌లలోను ఎథెరాస్ చిప్ ఉంటుంది. వాటికి చేయవలసినది ఏమీ లేదు; ‘ఎథ్9కే’ డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది, దానికి వేరే ఫర్మ్‌వేర్ కూడా అక్కరలేదు.

బ్రాడ్‌కామ్ అయితే చిప్ అంకెను చూడాలి. 4311, 4318, 4321, 4322, 4331 చిప్‌లకు స్వేచ్ఛా డ్రైవర్ ‘బీ43’ పనిచేస్తుంది, దానికి విడిగా ఫర్మ్‌వేర్ ఇన్‌స్టాలర్ ప్యాకేజీ వేయాలి. 43224కు కెర్నల్‌లోని ‘బీఆర్‌సీఎంఎస్‌మ్యాక్’, 2015 ప్రోలలో కనిపించే 43602కు ‘బీఆర్‌సీఎంఎఫ్‌మ్యాక్’ ఉన్నాయి. 2013 నుంచి ఎన్నో యంత్రాల్లో ఉన్న 4360కు మాత్రం ‘డబ్ల్యూఎల్’ తప్ప వేరే దారి లేదు. బీ43, డబ్ల్యూఎల్ రెండూ పనిచేసే చిప్ మీ యంత్రంలో ఉంటే నేను బీ43ని సూచిస్తాను; వేగం కొంత తగ్గవచ్చు గాని కెర్నల్ మారినప్పుడు అది విరిగిపోదు. రెండింటినీ ఒకేసారి ఉంచకూడదు. డబ్ల్యూఎల్ ప్యాకేజీ వేసినప్పుడు అది బీ43, బీసీఎంఏ, ఎస్ఎస్‌బీ మాడ్యూళ్లను నిషిద్ధ జాబితాలో చేరుస్తుంది. దాన్ని తీసేసి బీ43కి మారినవారు ఆ జాబితా ఫైలు ఇంకా మిగిలి ఉందేమో చూడకపోతే, అన్నీ సరిగానే ఉన్నా వైఫై కనిపించదు. ఈ ఒక్క కారణంతో లైనక్స్‌నే వదిలేసినవారు ఉన్నారు.

4360 ఉన్న యంత్రంలో ఆర్చ్ వంటి రోలింగ్ (విడుదలలు లేకుండా ఎప్పటికప్పుడు మారే) డిస్ట్రో వాడాలని పట్టుదల ఉన్నవారికి, కెర్నల్‌లోనే డ్రైవర్ ఉన్న చిన్న యూఎస్‌బీ వైఫై అడాప్టర్ కొనడం మంచి మార్గం. ఒక యూఎస్‌బీ పోర్టు పోతుంది, కాని ప్రతి అప్‌డేట్‌కు ముందు ఆందోళన పడే అవసరం ఉండదు. ఏ దారి ఎంచుకున్నా, ఇన్‌స్టాల్ రోజున ఆండ్రాయిడ్ ఫోన్‌ను కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వెంటనే దొరుకుతుంది. దీనికి అదనపు డ్రైవర్ అవసరం రాదు.

గ్రాఫిక్స్: ఏది ఎంచుకోవాలి, ఏ యంత్రాన్ని వదులుకోవాలి

ఇంటెల్ గ్రాఫిక్స్‌లో సమస్యలు తక్కువ. ఎన్‌విడియా విషయంలో నూవో అనే స్వేచ్ఛా డ్రైవర్, ఆ సంస్థ అధికారిక డ్రైవర్ల మధ్య ఎంచుకోవాలి. 2008 చివరి నుంచి 2010 వరకు వచ్చిన 9400ఎం, 320ఎం, 330ఎం చిప్‌లకు 340 సిరీస్ అధికారిక డ్రైవరే చివరిది, దాని మద్దతు 2019తో ముగిసింది. కొత్త కెర్నల్‌లో దాన్ని నిలబెట్టాలంటే ఎవరో రాసిన ప్యాచ్‌ల మీద ఆధారపడాలి. పైగా ఈఎఫ్ఐ పద్ధతిలో బూట్ చేసినప్పుడు 9400ఎం మీద ఈ డ్రైవర్ నల్ల తెర చూపిస్తుంది. కెర్నల్ మొదలయ్యే ముందే గ్రబ్ నుంచి ‘సెట్‌పీసీఐ’తో పీసీఐ రిజిస్టర్లను సరిచేస్తే తప్ప పనిచేయదు. నూవో డ్రైవర్ చిప్‌ను దాని పూర్తి క్లాక్ వేగానికి తీసుకువెళ్లకపోవచ్చు, కాని డాక్యుమెంట్లు, వెబ్, వీడియోల వరకు సరిపోతుంది. ఈ యంత్రాల్లో ఎవరూ కొత్త ఆటలు ఆడబోరు కాబట్టి నూవోతో ఉండడమే వివేకం. 2012 నుంచి 2014 వరకు వచ్చిన 650ఎం, 750ఎం చిప్‌లకు 470 సిరీస్ డ్రైవర్ ఉన్నా, అదే యంత్రంలోని ఇంటెల్ చిప్‌తో నడపగలిగితే అంతకంటే మంచిది లేదు.

2007, 2008 మ్యాక్‌బుక్ ప్రోలలోని 8600ఎం జీటీ, 2011లో వచ్చిన 15, 17 అంగుళాల ప్రోలలోని రేడియాన్ చిప్‌లు తయారీలోనే బలహీనమైనవి. 2011 నుంచి 2013 వరకు వచ్చిన కొన్ని ప్రోల గ్రాఫిక్స్ లోపాలకు యాపిల్ 2015 ఫిబ్రవరిలో ఉచిత మరమ్మతు కార్యక్రమం ప్రకటించవలసి వచ్చింది. తెర మీద గీతలు, మధ్యలో ఆగిపోవడం, నీలి తెర కనిపిస్తే అది డ్రైవర్ లోపం కాదు. డిస్ట్రో మార్చినా తగ్గదు. 2011 ప్రోలో రేడియాన్ పూర్తిగా చనిపోయినా యంత్రాన్ని కాపాడుకునే మార్గం లైనక్స్‌లో ఉంది. గ్రబ్ ఆకృతీకరణలో ‘ఔట్‌బీ’ ఆదేశాలు నాలుగు చేర్చి, గ్రాఫిక్స్‌ను మార్చే ‘జీమక్స్’ చిప్‌కు తెరను ఇంటెల్ వైపు తిప్పమని, రేడియాన్‌కు విద్యుత్తు ఆపేయమని చెప్పవచ్చు. అప్పటికే ఉన్న యంత్రానికి ఇది గొప్ప మేలు. కొత్తగా కొనేవారు మాత్రం ఆ మోడల్‌ను తాకకపోవడమే మంచిది.

మిగిలిన చిన్న ఇబ్బందులు

ఫ్యాన్లు వేడికి తగ్గట్టు స్పందించకపోతే ‘ఎంబీపీఫ్యాన్’ వేయాలి. అది ‘యాపిల్‌ఎస్ఎంసీ’, ‘కోర్‌టెంప్’ మాడ్యూళ్ల మీద పనిచేస్తుంది. 2009 నుంచి 2011 వరకు వచ్చిన ఐమ్యాక్‌లలో డ్రైవ్ మార్చిన తరువాత ఫ్యాన్ హోరెత్తితే అది డ్రైవ్ ఉష్ణోగ్రత సెన్సర్ లేకపోవడం వల్ల. లైనక్స్‌కు సంబంధం లేదు. హెడ్‌ఫోన్ రంధ్రంలో ఎర్ర వెలుగు కనిపిస్తే ఆప్టికల్ ఆడియో ఆన్ అయి ఉందని అర్థం. ‘ఆల్సామిక్సర్’ తెరిచి ‘ఎస్/పీడీఐఎఫ్’ను మ్యూట్ చేస్తే వెలుగు ఆరిపోతుంది.

ఏ పనీ చేయకున్నా ‘కేవర్కర్’ అనే కెర్నల్ పని ప్రాసెసర్‌ను మొత్తం తినేస్తున్నదంటే, ఏసీపీఐ (విద్యుత్ నిర్వహణ వ్యవస్థ) అంతరాయం ఒకటి ఆగకుండా మోగుతున్నదని గ్రహించాలి. ‘సిస్’ కింద ఫర్మ్‌వేర్, ఏసీపీఐ, ఇంటరప్ట్స్ ఫోల్డర్‌లో ‘జీపీఈ’తో మొదలయ్యే ఫైళ్లలో ఏ ఒక్కదాని అంకె లక్షల్లో ఉందో చూసి, దానికి ‘డిజేబుల్’ అని రాస్తే యంత్రం ఒక్కసారిగా చల్లబడుతుంది. ప్రతి బూట్‌లోనూ అది జరిగేలా ఒక చిన్న సిస్టమ్‌డీ సేవగా పెట్టుకోవాలి. మూత మూసిన క్షణంలోనే మళ్లీ మేలుకునే మ్యాక్‌బుక్‌లకు, ఏసీపీఐ మేలుకొలుపు జాబితాలో ‘ఎక్స్‌హెచ్‌సీ1’ను ఆపేయడం మందు.

కెమెరా విషయంలో తరం చూసుకోవాలి. మొదటి ఐసైట్ కెమెరాలకు ఫర్మ్‌వేర్‌ను మ్యాక్ఓఎస్‌లోని డ్రైవర్ ఫైలు నుంచి తీసుకోవాలి. 2013 నుంచి వచ్చిన ఫేస్‌టైమ్ హెచ్‌డీ కెమెరా పీసీఐఈ మీద ఉంటుంది, దాని డ్రైవర్ కెర్నల్‌లో లేదు, విడిగా కట్టుకోవాలి. వీడియో సమావేశాలే ముఖ్యమైన పని అయితే యూఎస్‌బీ కెమెరా పెట్టుకోవడం సులభం. ఎఫ్ మీటలు ముందు పనిచేయాలా, వెలుగు, ధ్వని మీటలు ముందు పనిచేయాలా అన్నది ‘హెచ్ఐడీ_యాపిల్’ మాడ్యూల్‌లోని ‘ఎఫ్ఎన్‌మోడ్’ అమరికతో మారుతుంది.

డబ్బు ఎక్కడ పెట్టాలన్న ప్రశ్న ఉన్నవారు, ర్యామ్ కనీసం 4 జీబీ ఉన్నట్లయితే ముందు ఎస్ఎస్‌డీకే పెట్టాలి. కోర్ 2 డ్యువో మీద కూడా ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. 2006 చివరి మ్యాక్‌బుక్‌లలో 4 జీబీ పెట్టినా చిప్‌సెట్ 3 జీబీకి కాస్త మించి మాత్రమే వాడుకోగలదు కాబట్టి అక్కడ ర్యామ్ మీద ఎక్కువ ఖర్చు అనవసరం.

మ్యాక్ఓఎస్‌ను తుడిచేయాలా, ఉంచాలా అన్నదానికి నా జవాబు స్పష్టం: డ్రైవ్‌లో చోటు ఉంటే చిన్న విభాగంగా ఉంచండి. ఫర్మ్‌వేర్ అప్‌డేట్లు మ్యాక్ఓఎస్ ద్వారానే వస్తాయి, ‘బ్లెస్’ ఆదేశం అక్కడే ఉంది, ఒక భాగం చెడిందా లేక డ్రైవర్ లోపమా అని తేల్చుకోవడానికి రెండు వ్యవస్థల్లోనూ ఒకే పరీక్ష చేసి చూడవచ్చు. ఫోటోల, సంగీత సాఫ్ట్‌వేర్ల కోసం మ్యాక్ఓఎస్ తప్పనిసరి అయినవారు, లైనక్స్ బదులు ఓపెన్‌కోర్ లెగసీ ప్యాచర్‌తో కొత్త మ్యాక్ఓఎస్ పెట్టుకోవడాన్ని కూడా పరిశీలించవచ్చు. అయితే మెటల్ (యాపిల్ గ్రాఫిక్స్ సాంకేతికత) మద్దతు లేని పాత చిప్‌ల మీద అది లైనక్స్ కంటే బరువుగా నడుస్తుంది.

రెండు వ్యవస్థలూ ఉంచుకున్నవారు ఫైళ్లు పంచుకోవడానికి ఎక్స్‌ఫ్యాట్ విభాగం ఒకటి వేరుగా పెట్టుకోవాలి. జర్నలింగ్ ఉన్న హెచ్ఎఫ్ఎస్ ప్లస్‌ను లైనక్స్ చదవగలదు గాని రాయదు, ఏపీఎఫ్ఎస్‌కు కెర్నల్‌లో మద్దతే లేదు. ఎక్స్‌ఫ్యాట్ డ్రైవర్ కెర్నల్ 5.4 నుంచి లోపలే ఉంది, మ్యాక్ఓఎస్ కూడా దాన్ని సహజంగానే చదివి రాస్తుంది.